చిక్కుడు పాదు మీద అక్షింతలు

మా పెద్దమ్మకు మిద్దె మీద ఒక చిన్న తోట ఉంది. ఇరవై ముప్పై కుండీలు, నాలుగు పాత టబ్బులు, పిట్టగోడ పొడుగునా అల్లుకున్న చిక్కుడు పాదు. పోయిన పుష్యమాసంలో నేను వెళ్లేసరికి ఆవిడ పాదు దగ్గర నిలబడి, ఆకుల మీద పాకుతున్న నల్లటి పురుగుల్ని ఒక్కొక్కటే పుల్లతో కిందికి దులిపి చెప్పుతో నలిపేస్తోంది. “ఎంత వికారంగా ఉన్నాయో చూడరా, మొసలి పిల్లల్లాగా. వదిలేస్తే పాదంతా తినేస్తాయి” అంది. అక్కడికి రెండడుగుల దూరంలో వంగ మొక్క ఆకులు జల్లెడలా తయారై ఎండిపోతున్నాయి. వాటి మీద మట్టిరంగు పురుగులు, వీపు నిండా నల్ల చుక్కలతో, నింపాదిగా కూచుని ఉన్నాయి. వాటి జోలికి మాత్రం ఆవిడ పోలేదు. “అవి అక్షింతల పురుగులురా. మంచివట, చంపకూడదని టీవీలో చెప్పారు” అంది.

పాదు మీద ఆవిడ చంపుతున్నవి నిజమైన నేస్తాల పిల్లలు. వంగ మీద కాపాడుతున్నవి వంగను తినేవి. దీనికి పెద్దమ్మను ఎలా తప్పుపడతాం? మన వ్యవసాయ పుస్తకాల్లోనూ రైతుల నోటా ‘అక్షింతల పురుగు’ అనే మాట రెండింటికీ నడుస్తోంది. పత్తిలో పేనుబంకను తినే పురుగూ అక్షింతల పురుగే, వంగాకు గీకే పురుగూ అక్షింతల పురుగే. పేరు విని మంచీ చెడూ తేల్చుకోవడం కుదరదు. దగ్గరికి వెళ్లి, ఆకు తిప్పి చూడాలి. ఆ చూడడం ఎలాగో చెప్పడానికే ఇదంతా.

ముందు ఇంకో తికమక తీర్చాలి. పిల్లలు చాలామంది అక్షింతల పురుగునూ ఆరుద్ర పురుగునూ ఒకటే అనుకుంటారు. తొలకరి చినుకులు పడగానే నేల మీద తిరిగే ఎర్రటి మఖమలు బంతి ఆరుద్ర పురుగు. దానికి ఎనిమిది కాళ్లు, రెక్కలు లేవు. అది సాలీళ్ల వైపు చుట్టం. అక్షింతల పురుగుకు ఆరు కాళ్లు. వీపు మీద గట్టి పెంకుల్లాంటి రెండు పై రెక్కలు, వాటి కింద మడత పెట్టుకున్న పలచటి ఎగిరే రెక్కలు ఉంటాయి.

దీని ఆకారం గుర్తుపెట్టుకోవడానికి నేను కందిపప్పును చూపిస్తాను. పైన గుండ్రంగా ఉబ్బి, కింద చదునుగా ఉండే కందిపప్పు బద్దకు కాళ్లు మొలిస్తే అచ్చం ఇదే. పరిమాణం కూడా దాదాపు అంతే, 5 మిల్లీమీటర్లు, కాస్త అటూ ఇటూగా. ముట్టుకుంటే కాళ్లన్నీ పొట్ట కిందికి ముడుచుకుని ఆకుకు అంటుకుపోతుంది. మీసాలు పొట్టి, కొసన చిన్న గుండులా లావెక్కి ఉంటాయి. ఈ మీసాల గుర్తు చాలా అక్కరకొస్తుంది. గుమ్మడి, దోస పాదుల మీద నారింజ రంగులో మెరిసే పురుగును చాలామంది అక్షింతల పురుగే అనుకుంటారు. దాని ఒళ్లు కోలగా, మీసాలు పొడుగ్గా, దారాల్లా ఉంటాయి. అది గుమ్మడి పెంకు పురుగు, ఆకుల్ని కొరికి తూట్లు పెడుతుంది. చెరువు గట్ల మీది తూటికాడ ఆకుల మీద పసుపుగా, నల్ల చుక్కలతో, గాజు పళ్లెం బోర్లించినట్టుగా ఇంకొకటి కనిపిస్తుంది. ఒంటి చుట్టూ అంచు పారదర్శకంగా ఉంటే అది తాబేలు పురుగు. ఈ రెండూ వేరే కుటుంబానివి.

అక్షింతల పురుగుల కుటుంబం పేరు కాక్సినెల్లిడే. ప్రపంచం మొత్తం మీద 6,000 దాకా జాతులున్నాయి. మన ఉపఖండంలో ఉన్నవాటి జాబితాను జె. పూరణి అనే కీటక శాస్త్రవేత్త 2002లో ప్రచురించారు. ఆకులు తినే శాఖను పక్కన పెట్టినా అందులో 400 జాతుల దాకా లెక్కకొచ్చాయి. వీటిలో ఎక్కువ భాగం వేటగాళ్లు. పేనుబంక, పిండినల్లి, పొలుసు పురుగు, తెల్లదోమ వీటి ఆహారం. ఒక శాఖ ఆకులు తింటుంది, కొన్ని బూజు తింటాయి. మిద్దెతోటలోనో పెరట్లోనో మనకు తరచూ ఎదురయ్యేవి ఏడెనిమిదికి మించవు కాబట్టి బెంగపడనక్కర్లేదు.

వెతకడం మొదలుపెట్టేవాళ్లు సాధారణంగా పువ్వుల మీద వెతుకుతారు. నేనైతే చీమల్ని వెతకమంటాను. ఏ కాడ మీదైనా చీమల బారు పైకీ కిందికీ తిరుగుతుంటే, దాని కొసదాకా చూపు పోనివ్వండి. లేత చివుళ్ల దగ్గర పేనుబంక గుంపు ఉంటుంది. పేనుబంక అనే మాటలోనే అంతా ఉంది. పేనులాంటి ఒళ్లు, బంకలాంటి విసర్జన. ఆ తీపి బంక కోసమే చీమలు వాటికి కాపలా కాస్తాయి, అక్షింతల పురుగు వస్తే కరిచి తరుముతాయి. అంత కాపలా ఉన్నా అది వస్తుంది. కార్తీకం దాటి చలి ముదిరాక మన దగ్గర పేనుబంక బాగా పెరుగుతుంది. ఆడ పేను మగదానితో పనిలేకుండానే పిల్లల్ని కంటుంది, ఆ పిల్లలు వారం పది రోజుల్లో తామూ తల్లులవుతాయి. ఆ వెనకే అక్షింతల పురుగులు దిగుతాయి. అందుకే మార్గశిరం నుంచి మాఘం దాకా వీటిని చూడడానికి మంచి కాలం.

నాకిష్టమైన చోట్లు రెండు. ఒకటి చిక్కుడు పాదు. దాని చివుళ్ల మీద నల్లగా నిగనిగలాడే పేనుబంక పడుతుంది. రెండోది ఏ ఖాళీ స్థలంలోనైనా ఎవరూ నాటకుండా పెరిగే జిల్లేడు. జిల్లేడు లేతాకుల అడుగున పసుపుపచ్చ పేనుబంక నల్ల కాళ్లతో బారులు తీరి ఉంటుంది. జిల్లేడు పాలలోని విషాన్ని ఆ పేను తన ఒంట్లోకి ఎక్కించుకుంటుంది, అయినా కొన్ని అక్షింతల పురుగులు దాన్ని తినడానికి వెనకాడవు. రథసప్తమికి తలంటుకోవడానికి జిల్లేడాకులు కోస్తాం, పాలు పొంగించి చిక్కుడు కాయలతో రథం చేస్తాం. ఏ కాలంలో ఏ మొక్కల దగ్గరికి పోతే ఈ పురుగులు కనబడతాయో ఆ రెండింటి దగ్గరికే ఆ పండుగ మనల్ని తీసుకుపోతుంది. ఆ ఉదయం ఆకు తెంపే ముందు ఒక్కసారి వెనక్కి తిప్పి చూడండి.

తిప్పితే మొట్టమొదట కనబడేది బహుశా వంకర గీతల అక్షింతల పురుగు. మన ప్రాంతంలో ఇంతగా కనబడేది ఇంకొకటి లేదు. పసుపు నుంచి నారింజ దాకా, ఒక్కోసారి గులాబీ ఎరుపు దాకా రంగు మారుతుంది. ఆ రంగు మీద అడ్డంగా, పిల్లలు పలక మీద గీసిన అలల్లాంటి నల్ల గీతలు, వెనక వైపు ఒక్కో రెక్క మీద ఒక్కో చుక్క ఉంటాయి. కొన్నింటిలో గీతలు సన్నగా విడివిడిగా ఉంటే, కొన్నింటిలో లావెక్కి కలిసిపోయి వీపు సగానికి పైగా నల్లబడుతుంది. దీని శాస్త్రీయ నామం చైలోమెనెస్ సెక్స్‌మాక్యులేటా. రెండో మాటకు ‘ఆరు మచ్చలది’ అని అర్థం. వంకర గీతల్నీ మచ్చలుగానే లెక్కబెట్టి ఆ పేరు పెట్టారు. ఆ పేరు చూసి ఆరు గుండ్రటి చుక్కల కోసం వెతికితే ఎప్పటికీ దొరకదు.

రెండోది కాక్సినెల్లా ట్రాన్స్‌వర్సాలిస్. ఇది ముదురు నారింజ, కొన్నిసార్లు కుంకుమ ఎరుపు. రెండు రెక్కలు కలిసే చోట నడుమ నిలువుగా ఒక నల్లని పట్టీ, దానికి అటూ ఇటూ అడ్డంగా మందపాటి మచ్చలు. మొదటిసారి చూసేవాళ్లకు ఈ రెండూ ఒకేలా అనిపిస్తాయి. ఇక్కడ వీపు వదిలేసి మెడ చూడాలి. తలకూ రెక్కలకూ మధ్య ఒక పలక ఉంటుంది. వీపు మీది గీతలు ఒక్కో పురుగులో ఒక్కో రకంగా మారినా ఈ మెడ పలక అంతగా మారదు. లేత పసుపు పలక మీద నల్లగా ‘టీ’ అక్షరంలాంటి గుర్తుంటే వంకర గీతలది. పలకంతా నల్లగా ఉండి ముందు మూలలు రెండూ నారింజగా ఉంటే ట్రాన్స్‌వర్సాలిస్. ఫోటో తీసేటప్పుడు కూడా వీపు ఒక్కటే తీస్తే చాలదని చెప్పేది ఇందుకే. ఈ రెండు పురుగుల్నీ శాస్త్రానికి పరిచయం చేసినవాడు డెన్మార్క్‌కు చెందిన ఫాబ్రిషియస్, లిన్నేయస్ శిష్యుడు. రెండింటినీ 1781లోనే వర్ణించాడు. వంగను తినే దాన్ని అంతకు ఆరేళ్ల ముందే, 1775లో వర్ణించాడు.

పిల్లల బొమ్మల పుస్తకాల్లో, బొట్టుబిళ్లల్లాంటి ఏడు చుక్కలతో ఎర్రగా కనబడేది వేరు. అది ఏడు చుక్కల అక్షింతల పురుగు. చలికాలంలో ఉత్తరాది ఆవచేలల్లో దాని రాజ్యం. మన మైదాన ప్రాంతపు పెరళ్లలో దాన్నే వెతుకుతూ కూచుంటే కళ్లెదుట ఉన్నవాటిని వదిలేసినట్టవుతుంది.

చిన్నవాటి మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ. పెసరగింజంత ఉండే బ్రుమాయిడెస్‌ను ఒకసారి చూస్తే మరిచిపోరు. మీగడ రంగు వీపు మీద నిలువు నామాల్లా మూడు నల్ల గీతలు ఉంటాయి. పత్తి చేలల్లో, బెండ మీద, పిండినల్లి ఉన్నచోట తిరుగుతుంది. ఇంకా చిన్నది స్కిమ్నస్, ఆవగింజకు కాస్త పెద్ద, గోధుమ రంగు, సన్నటి నూగు. చాలామంది దీన్ని పురుగుగానే గుర్తించరు. కొబ్బరాకు మీదో కరివేప కాడ మీదో పొలుసు పురుగులు అతుక్కుని ఉన్నచోట నల్లటి హెల్మెట్‌లా మెరిసే ఒక పురుగు కనబడితే అది కైలోకోరస్ నైగ్రిటా. 1938లో దీన్ని మన దేశం నుంచి సీషెల్స్ దీవులకు తీసుకెళ్లారు, అక్కడి కొబ్బరి చెట్లను పట్టిన పొలుసు పురుగుల మీదికి.

ఇలియస్ అనే అక్షింతల పురుగు కథ వేరు. నిమ్మపండు పసుపు, వీపు మీద ఒక్క చుక్క లేదు. తెల్లటి మెడ పలక మీద మాత్రం కళ్లలాంటి రెండు నల్ల చుక్కలు. దాన్ని పేనుబంక దగ్గర వెతక్కండి. గుమ్మడి ఆకు మీద, మల్బరీ మీద బూడిద తెగులు వచ్చి తెల్లటి పొడి చల్లినట్టు ఉంటుంది కదా, అక్కడ పరుగులు పెడుతుంటుంది. అది తినేది ఆ బూజునే. తెగులు మొత్తం అదే మాన్పేస్తుందని చెప్పను, కానీ బూడిద పట్టిన ఆకు మీద దాన్ని చూసి ‘ఇదే తెగులు తెచ్చింది’ అని చంపడం మాత్రం అన్యాయం.

ఇప్పుడు పెద్దమ్మ పుల్లతో దులిపిన ‘మొసలి పిల్లల’ దగ్గరికి వద్దాం. అక్షింతల పురుగును గుర్తుపట్టడమంటే సగం దాని పిల్లపురుగును గుర్తుపట్టడమే. తల్లిపురుగును అందరూ ముద్దుచేస్తారు, పిల్లను అందరూ చంపుతారు. ఆకలి మాత్రం పిల్లదే ఎక్కువ.

ఆ రోజు పాదు మీద మిగిలిన ఒకదాన్ని మేమిద్దరం చాలాసేపు చూశాం. నా దగ్గర బొటనవేలంత భూతద్దం ఒకటి ఉంటుంది, అది ఆవిడ చేతికిచ్చాను. పొడుగ్గా, తోక వైపు సన్నబడిన ఒళ్లు. ముదురు బూడిద రంగు మీద లేత పసుపు మచ్చలు, వరసగా చిన్న చిన్న బుడిపెలు. ముందు వైపు ఆరు పొడవాటి కాళ్లు. దానికి చూపు అంతగా ఆనదు. కాడ మీద తల అటూ ఇటూ ఊపుతూ, తడుముకుంటూ పోతుంది. దారిలో ఒక పేను తగిలింది. ముందు కాళ్లతో పట్టి అమాంతం పైకెత్తింది. పేను తోక పక్కనున్న రెండు చిన్న గొట్టాల నుంచి ఒక బొట్టు కారింది. అది పక్కవాటికి ఇచ్చే హెచ్చరిక. చుట్టుపక్కల పేన్లు నాలుగు కాడ వదిలి కిందికి దూకేశాయి. పట్టుబడ్డది నిమిషంలో అయిపోయింది. పిల్లపురుగు బాగా చిన్నగా ఉన్నప్పుడైతే ఇలా నమలలేదు. పేనును కుట్టి, జీర్ణరసాన్ని లోపలికి వదిలి, కరిగినదాన్ని పీల్చుకుంటుంది. నాలుగో దశకు వచ్చేసరికి చర్మంతో సహా మింగేస్తుంది. రోజుకు డజన్ల కొద్దీ. “అయ్యో, ఇందాక ఎన్ని చంపానురా” అంది పెద్దమ్మ. భూతద్దం మళ్లీ నా చేతికి రావడానికి పావుగంట పట్టింది.

దీని పుట్టుక కూడా అక్కడే, ఆకు అడుగున. గుడ్లు పసుపు రంగులో, కోలగా, పదీ ఇరవై ఒకచోట నిలువునా నిలబెట్టి ఉంటాయి. పసుపు కలిపిన అక్షింతలు ఎవరో ఓపిగ్గా నిలబెట్టి అతికించినట్టు. ఈ పురుగు పేరు ఆ గుడ్లకు ఇంకా బాగా అతుకుతుందని నాకనిపిస్తుంది. మన వాతావరణంలో మూడు రోజులకు పిల్లలు బయటికొస్తాయి. ముందొచ్చినవి తమ గుడ్డు పెంకుల్ని, ఇంకా పగలని పక్క గుడ్లను కూడా తినేస్తాయి. మొదటి పేను దొరికేదాకా బతకడానికి ఆ తిండే ఆధారం. పది రోజుల లోపు నాలుగు దశలు పెరిగి, తోక కొసను ఆకుకు అతికించుకుని ముడుచుకుంటుంది. ఈ ప్యూపా దశలో అది ఎండిన రెట్టలా కనబడుతుంది, గోటితో గీకేస్తుంటారు. మెల్లగా తాకి చూడండి, టక్కున లేచి నిలబడి మళ్లీ వాలుతుంది. మూడు నాలుగు రోజులకు అది పగిలి రెక్కల పురుగు బయటికొస్తుంది.

అప్పుడే బయటికొచ్చిన పురుగును చూడడం అదృష్టం. నేను మూడుసార్లు చూశాను, మూడూ తెల్లవారుజామునే. మైనంలా మెత్తగా, లేత పసుపుగా, ఒక్క మచ్చ లేకుండా ఉంటుంది. లోపలి రెక్కలు తడిగా బయటికి వేలాడుతుంటాయి. కాఫీ తాగి వచ్చేసరికి రెక్కలు ఆరి లోపలికి పోయాయి, వీపు మీద ఎక్కడో అడుగు నుంచి పొగ కమ్మినట్టు గీతల జాడ. మధ్యాహ్నానికి స్పష్టమైన నల్ల గీతలు. చుక్కల్ని బట్టి వయసు చెప్పొచ్చని కొందరు పిల్లలకు చెబుతుంటారు, అది నిజం కాదు. పుట్టిన రోజే చుక్కలు తేలిపోతాయి, తర్వాత ఒక్కటీ పెరగదు.

అరచేతిలోకి తీసుకున్నప్పుడు పసుపు నీళ్లలాంటి బొట్టు అంటితే కంగారుపడకండి. భయపడ్డప్పుడు మోకాలి కీళ్ల దగ్గర నుంచి అది తన రక్తాన్నే కార్చుతుంది. ఆ రక్తం చేదు, వాసన ఘాటు. ఒకసారి నోట పెట్టుకున్న పిట్ట మళ్లీ ఆ ఎరుపూ నలుపూ కలిపి చూస్తే ముట్టదు. అంత చిన్న పురుగు అంత కొట్టొచ్చే రంగు వేసుకుని పట్టపగలు తిరగడానికి ధైర్యం ఆ చేదుదే.

ఇక వంగ మొక్క. దాని మీద ఉన్నది హెనోసెపిలాక్నా విజింటియాక్టోపంక్టేటా. ఆ పొడుగాటి మాటకు ‘ఇరవై ఎనిమిది చుక్కలది’ అనే అర్థం. చుక్కలు లెక్కబెట్టాలంటే పురుగు కదలకుండా కూచోవాలి, పైగా దీని చుట్టాల్లో పన్నెండు చుక్కలవీ ఉన్నాయి. కాబట్టి లెక్కకు పోకండి. మెరుపు చూడండి. పేనుబంక తినే అక్షింతల పురుగుల్లో పెద్దవి వార్నిష్ కొట్టినట్టు నిగనిగలాడతాయి. ఇది మాత్రం రాగి చెంబు తోమక వదిలేసినట్టు మసకగా ఉంటుంది. భూతద్దంలో చూస్తే వీపంతా సన్నటి నూగు. సైజు కూడా కాస్త పెద్ద, శనగపప్పు బద్దంత. నూగు ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి, స్కిమ్నస్‌కూ నూగు ఉంటుంది. కానీ ఆవగింజకూ శనగపప్పుకూ తేడా తెలియనిదెవరికి?

పిల్లపురుగులో తేడా ఇంకా స్పష్టం. దీని పిల్ల పసుపు రంగులో, ఒళ్లంతా కొమ్మలు చీలిన ముళ్లతో రేగుకంపలా ఉంటుంది. పెద్దగా పాకదు, ఆకు అడుగునే అతుక్కుని గీకుతుంటుంది. వేటాడే పిల్లకు పరుగు కావాలి, దీనికి అక్కర్లేదు, కూచున్న చోటే కూడు. ఆకు పచ్చదనాన్ని దగ్గర దగ్గర గీతలుగా గీకి, పలచటి పొరను వదిలేస్తుంది. ఆ పొర ఎండి గోధుమ రంగు కిటికీలా మారి, చివరికి రాలి ఆకు జల్లెడవుతుంది. వంగ మీదే కాదు, టమాటా, బంగాళదుంప, కాకర మీద కూడా ఈ రకం పురుగులు వస్తాయి. పేనుబంక తినేది ఆకును ఎన్నడూ ఇలా గీకదు.

గుడ్ల దగ్గర మాత్రం నిజంగా చిక్కే. రెండింటివీ పసుపే, రెండూ నిలువునే పెడతాయి. వంగను తినేది గుడ్లను కాస్త ఎడమెడంగా పెడుతుంది కానీ, కంటికి ఆ తేడా అలవాటు కావడానికి కాలం పడుతుంది. అనుమానముంటే ఆ ఆకుకు ఒక దారం కట్టి నాలుగైదు రోజులు ఆగండి. ముళ్లతో పుడితే ఆకుతో సహా తీసేయొచ్చు. నల్లగా, చురుగ్గా పుడితే వదిలేయొచ్చు. వంగ మీది పెద్ద పురుగుల్ని ఏరడానికి ఉదయపు చలి వేళ మంచిది, అప్పటికి అవి మందకొడిగా ఉంటాయి. చెయ్యి తగలగానే కాళ్లు ముడిచి కింద పడిపోవడం వాటి అలవాటు. ఆ అలవాటునే వాడుకుని, కొమ్మ కింద సబ్బు నీళ్ల పళ్లెం పట్టుకుని కొమ్మను ఒక్కసారి దులిపితే సరిపోతుంది. నాలుగు కుండీల వంగకు అంతకు మించిన మందు అవసరం లేదు.

ఇలాంటి పొరపాటుకు బలయ్యే ఇంకో పురుగు ఉంది. మందార కొమ్మల మీద పిండినల్లి తెల్లగా పట్టినప్పుడు, ఆ గుంపులో ఒకటి మిగతావాటి కంటే పెద్దగా, పొడుగాటి తెల్ల మైనపు పోగులతో, దూదిపింజలా తిరుగుతుంటే అది పిండినల్లి తల్లి అనుకుంటారు. అది పిండినల్లిని తినే క్రిప్టోలేమస్ అనే అక్షింతల పురుగు పిల్ల. పుల్లతో తాకండి. పిండినల్లి కదిలీ కదలనట్టు ఉంటుంది, ఇది పరుగెత్తుతుంది. పెద్దయ్యాక నల్లటి రెక్కలు, నారింజ రంగు తల. దీని సొంతూరు ఆస్ట్రేలియా. 1898లో కాఫీ తోటల్లోని ఒక పొలుసు పురుగు మీదికని మన దేశానికి తెచ్చారు. ఆ పని అది చేయలేదు, కానీ ఇక్కడే స్థిరపడి పిండినల్లి మీద పడింది. ఇప్పుడు ద్రాక్ష, జామ తోటల కోసం ప్రయోగశాలల్లో పెంచి మరీ వదులుతున్నారు.

పురుగును తెచ్చి పురుగు మీదికి వదలడం ఎక్కడ పేరుకెక్కిందో చెప్పకుండా ఈ కథ ముగించడం నా వల్ల కాదు. 1880లలో కాలిఫోర్నియా నారింజ తోటలను ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఒక తెల్లటి పొలుసు పురుగు పట్టుకుంది. దూది అంటించినట్టు కొమ్మలన్నీ తెల్లబడి చెట్లు చచ్చిపోతుంటే రైతులు తోటలు నరుక్కున్నారు. 1888లో ఆల్బర్ట్ కోబెలె అనే కీటక శాస్త్రవేత్త ఆస్ట్రేలియా వెళ్లి, అక్కడ ఆ పురుగును అదుపులో ఉంచుతున్న ఒక చిన్న ఎర్ర అక్షింతల పురుగును, రొడోలియా కార్డినాలిస్‌ను, ఓడల్లో పంపాడు. మొదటి మూడు విడతల్లో చేరినవి మొత్తం 129. లాస్ ఏంజెలెస్‌లో ఒక నారింజ చెట్టుకు గుడారం కట్టి అందులో వదిలారు. కొన్ని నెలల్లో అవి వేలయ్యాయి, రైతులు డబ్బాలు పట్టుకొచ్చి తీసుకెళ్లారు. 1889 ముగిసేసరికి తోటలు కోలుకున్నాయి. 1920ల చివర అదే పొలుసు పురుగు నీలగిరులకు చేరినప్పుడు మన దేశానికీ ఈ రొడోలియానే తెచ్చి వదిలారు.

ఆ కథకు రెండో భాగం ఉంది, అది తక్కువమందికి తెలుసు. 1940లలో అవే కాలిఫోర్నియా తోటల్లో డీడీటీ కొట్టడం మొదలుపెట్టారు. అక్షింతల పురుగులు చచ్చాయి, అర్ధశతాబ్దంగా కనబడని తెల్ల పొలుసు పురుగు మళ్లీ చెట్లెక్కింది. మిద్దె మీద జరిగేదీ ఇంతే, చిన్న కొలతలో. చిక్కుడుకు పేనుబంక పట్టిందని ఘాటైన మందు కొడితే పేన్లతోపాటు వాటిని తినేవీ పోతాయి. దాక్కున్న నాలుగు పేన్లు వారం తిరిగేసరికి గుంపవుతాయి. తినేది మళ్లీ గుడ్డు నుంచి మొదలై పెద్దవ్వాలంటే రెండు మూడు వారాలు కావాలి. ఆ మధ్య రోజుల్లో పాదు మొత్తం పేనుదే. పత్తి చేను చుట్టూ బొబ్బర్లు వేయమని రైతులకు చెప్పేది ఈ లెక్కతోనే. బొబ్బర్ల మీద పేనుబంక ముందు పడుతుంది, దాని కోసం వచ్చిన అక్షింతల పురుగులు పక్కనే పత్తికి అందుబాటులో ఉంటాయి. మిద్దె మీదా ఒక మూల రెండు బొబ్బర పాదులు, పూతకు వదిలేసిన నాలుగు కొత్తిమీర మొక్కలు ఉంటే మంచిది. పేనుబంక దొరకని రోజుల్లో ఈ పురుగులు పుప్పొడితో కాలక్షేపం చేస్తాయి.

ఫోటో తీసి దాచుకునేవాళ్లకు రెండు మాటలు. వీపు ఒకటి, మెడ పలక కనబడేలా ముందు నుంచి ఒకటి, అది ఏ మొక్క మీద ఏం తింటోందో తెలిసేలా దూరం నుంచి ఒకటి, మొత్తం మూడు తీయండి. మూడోది లేకపోతే సగం ఆనవాలు పోయినట్టే. ఐనాచురలిస్ట్ లాంటి చోట పెడితే తెలిసినవాళ్లు పేరు చెబుతారు. అమెరికాలో ఉన్న మనవాళ్లు అక్టోబరులో ఇంటి గోడల మీదా కిటికీ సందుల్లోనూ గుంపులుగా చేరే అక్షింతల పురుగుల ఫోటోలు పంపి ‘ఇవి మన ఊరివేనా’ అని అడుగుతుంటారు. తెల్లటి మెడ పలక మీద నల్లగా ‘ఎం’ అక్షరంలాంటి గుర్తుంటే అది ఆసియా నుంచి అక్కడికి తీసుకెళ్లి వదిలిన హార్మోనియా ఆక్సిరిడిస్. చలికి తలదాచుకోవడానికి ఇళ్లలోకి వస్తుంది.

రథసప్తమినాడు మళ్లీ పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. వంగ మొక్క కొత్త చిగురు వేసింది. ఆవిడ అప్పటికే తలస్నానం చేసి, పరమాన్నం పెట్టడానికి చిక్కుడాకులు కోస్తోంది. ఒక పెద్ద ఆకు పట్టుకుని, తెంపబోయి, అలవాటైనట్టు వెనక్కి తిప్పింది. అడుగున పసుపుపచ్చగా పదిహేనో పదహారో, నిలబెట్టిన గింజల్లా. “ఇది వద్దులే” అని వదిలేసి పక్క ఆకు తెంపింది.